ఆలివ్ గ్రీన్ అడిగితే గేటు పచ్చ ఇస్తారు

ఉరల్-4320 అని రష్యా మిలిటరీ లారీ. దాని 1:16 సైజు రిమోట్ బొమ్మ కొన్నాను. ఆరు చక్రాలకీ పవర్ వెళ్తుంది, ఇటుకల కుప్ప కూడా ఎక్కేస్తుంది. తంటా అంతా దాని ప్లాస్టిక్ మెరుపుతోనే. యుద్ధానికెళ్లే బండి పెళ్లికెళ్తున్నట్టు నిగనిగలాడితే ఎలాగండీ?

మెరుపులేని ఆలివ్ గ్రీన్ స్ప్రే కోసం వన్‌టౌన్ అంతా తిరిగాను. ఒకాయన ముదురాకుపచ్చ డబ్బా చేతిలో పెట్టి, "మిలిటరీ కలరంటే ఇదే సార్, గేట్లకి బాగా పోతుంది" అన్నాడు. గేట్లకి!

చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. బాడీ విప్పి, సబ్బునీళ్లతో కడిగి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి డాబా ఎక్కాను. అసలు నరకం అక్కడుంది. బెజవాడ ఎండలో పెయింటు గాల్లోనే ఆరిపోయి బండిమీద పిండిలా రాలుతుంది. పోనీ వాన వెలిశాక కొడదామంటే, థిన్నర్ ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, గాల్లో తేమ అక్కడ చేరి తెల్లగా పాలిపోతుంది. మూడుసార్లు గీకాను. మూడుసార్లు!

నాలుగోసారి తెల్లారుజామున, పొడిగాలి చూసి కొడితే కుదిరింది. రెండ్రోజులు కూర్చుని చక్రాల దగ్గర బురద మరకలు, అంచుల్లో తుప్పు సన్న బ్రష్‌తో దిద్దాను. అచ్చం పాత బండే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఆ లారీని గిన్నెల సబ్బుతో తోమి ఆరబెట్టింది. "ఎంత మురికి పట్టిందిరా!" అంటూ.