పానీపూరీకి పక్కా బిల్లు

పానీపూరీ మీద పరిశోధనకు ప్రభుత్వం డబ్బులివ్వడమేమిటని దేశం ఉడికిపోతోంది. దేశం అంటే ముఖ్యంగా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. ఎవరో కుర్రాడు ‘రోడ్డు పక్క తిండి, వలసలు, నగర జీవితం’ అని పీహెచ్‌డీ అంశం తీసుకున్నాడనీ, అతనికి నెలనెలా ఫెలోషిప్ కూడా ఇస్తున్నారనీ తెలిసిన దగ్గర్నుంచి అక్కడ శాంతిభద్రతలు లేవు. ‘మనం కట్టే ట్యాక్సులు చూడండి ఎటు పోతున్నాయో’ అని ఒక పెద్దాయన రాశారు. దాని కింద వరసగా దండాలు, మంటలు.

నేను పెద్దాయన పక్షమే. పానీపూరీలో కొత్తగా తెలుసుకోవడానికి ఏముంది చెప్పండి? బండి ఉంటుంది. బండి వెనక భయ్యా ఉంటాడు. భయ్యా ఎక్కడి నుంచి వచ్చాడు? నార్త్ నుంచి. నార్త్‌లో ఎక్కడ? నార్త్‌లోనే. రాత్రి ఎక్కడ పడుకుంటాడు? ఎక్కడో అక్కడ. ఆ నీళ్లు ఎక్కడివి? ఛీ, తినేటప్పుడు అవేం ప్రశ్నలండీ! చూశారా, అయిదు నిమిషాల్లో థీసిస్ అయిపోయింది. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

పైగా ఈ పరిశోధకులను ఊరికే వదిలితే ప్రమాదం. మన మిర్చి బజ్జీలో మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిందంటారు. ఇరానీ చాయ్‌కి పేరులోనే ఊరుందంటారు. అరబ్బుల వెంట వచ్చిన హలీం 2010లో హైదరాబాద్ పేరు మీద జీఐ, అంటే ‘ఇది ఈ ఊరి సరుకే’ అనే గుర్తింపు, తెచ్చుకుందంటారు. ఇలా ప్లేటులో ఉన్నవన్నీ వలసవచ్చినవే అని తేలిస్తే, బండివాణ్ని ‘బయటివాడు’ అని తిట్టడానికి మనకు మిగిలేదేమిటి?

అయితే ఫెలోషిప్ ఇచ్చేశారు గనక ఆ డబ్బుకు కాపలా ఉండాలి. ఎంత డబ్బంటారా? నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష పాసవకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవారికి యూజీసీ ఇచ్చేది నెలకు 8,000 రూపాయలు. 2012లో పెట్టిన రేటు. పెద్ద మొత్తమే. అందుకే అకౌంట్స్ సెక్షన్ ఉంది. అక్కడి సూపరింటెండెంటుగారి దగ్గరికి మన కుర్రాడు ఫీల్డ్‌వర్క్ ఖర్చుల కాగితం పట్టుకెళ్లినప్పుడు ఏమై ఉంటుందో నేను కళ్లు మూసుకుని చెప్పగలను.

“ఏంటయ్యా ఇది, పానీపూరీ, ఆరు ప్లేట్లు, 180 రూపాయలు?”

“భయ్యాతో మాట్లాడటానికి సార్. ఊరికే నిలబడితే గిరాకీకి అడ్డమంటాడు. తింటూ మాట్లాడాలి.”

“బిల్లేది?”

“బండి మీద బిల్లు ఇవ్వరు సార్.”

“జీఎస్టీ నంబరు లేనివాడి దగ్గర ఎందుకు కొన్నావు?”

“జీఎస్టీ నంబరు ఉన్నవాడు షాపులో కూర్చుంటాడు సార్. నా టాపిక్ రోడ్డు మీద.”

“సరే, మూడు కొటేషన్లు పట్రా.”

కుర్రాడు బుద్ధిమంతుడు. మూడు బండ్లు తిరిగి, మూడు కాగితాల మీద రేట్లు రాయించుకుని, వేలిముద్రలతో సహా తెచ్చాడు. అందరికంటే తక్కువ రేటు చెప్పిన బండిని సూపరింటెండెంటుగారు ఖాయం చేశారు.

“ఈయన మన పక్క వీధి ఆయనే సార్. వలస రాలేదు.”

“రేటు తక్కువా, కాదా?”

“తక్కువే సార్.”

“అయితే వలసల గురించి ఆయన్నే అడుగు.”

తర్వాత స్టాక్ రిజిస్టరు ప్రశ్న వచ్చింది. కొన్న ఆరు ప్లేట్లు ఎక్కడ భద్రపరిచావన్నారు. తినేశానన్నాడు. కన్జ్యూమబుల్స్ కింద రాయమన్నారు. ఆఖర్న భయ్యా చేతిలో పెట్టే సూఖా పూరీ సంగతేమిటన్నారు. అది ఫ్రీ అన్నాడు. సరఫరాదారు దగ్గర కానుక తీసుకోవడానికి ముందస్తు అనుమతి ఏదన్నారు. చివరికి కుర్రాడు ఫోన్ తీసి, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్ చూపించాడు.

“ఇందులో వేరే పేరుందేంటి?”

“అది భయ్యా బావమరిది పేరు సార్. క్యూఆర్ కోడ్ బావమరిదిది. అతను ఊళ్లోనే ఉంటాడు. మనం ఇక్కడ స్కాన్ చేస్తే డబ్బు అక్కడ పడుతుంది. ఇంటి అప్పు, చెల్లెలి ఫీజు అక్కడే కట్టేస్తారు. భయ్యా చేతికి నోట్లిచ్చేవాళ్లు తగ్గాక ఇక్కడ గది అద్దెకు భయ్యాయే అప్పు చేస్తున్నాడు. నా మూడో చాప్టర్ మొత్తం ఇదే సార్!”

“పేరు తేడా ఉంది. రిజెక్ట్.”

ఇదీ ఆర్థిక క్రమశిక్షణ అంటే. ఒక్క సెక్షనేనా! 2024లో పెద్ద పెద్ద విద్యాసంస్థలకే పరిశోధన గ్రాంట్ల మీద 18 శాతం జీఎస్టీ కట్టమని నోటీసులు వెళ్లాయి. హోటల్లో ఇడ్లీ తింటే 5 శాతం, ఇడ్లీ గురించి ఆలోచిస్తే 18. ఆ సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ మినహాయింపు ఇచ్చి వేడుకంతా పాడుచేసింది.

లెక్కల మీద ఇంత భక్తి ఉన్న దేశంలో బండివాళ్ల లెక్క ఎంత పకడ్బందీగా ఉండాలి! చట్టం ఉంది కూడా. 2014లో చేశారు. వీధి వ్యాపారులను కనీసం అయిదేళ్లకోసారి సర్వే చేయాలి. ఊరి జనాభాలో రెండున్నర శాతం మంది దాకా వీధి వ్యాపారులకు చోటు చూపించాలి. ఈ పనులు చూసే టౌన్ వెండింగ్ కమిటీల్లో 40 శాతం వాళ్లే ఉండాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. మీ వీధి చివర బండివాణ్ని ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. ట్రాఫిక్ చలానా చూపిస్తాడు. మున్సిపాలిటీ లారీ వచ్చి సిలిండరూ పొయ్యీ ఎత్తుకుపోవడానికి మాత్రం ఏ సర్వే అక్కర్లేదు, ఏ కొటేషనూ అక్కర్లేదు. మరిగే నూనె అలాగే కాలవలో పోస్తారు. దానికి స్టాక్ రిజిస్టరు ఉండదు.

దేశంలో జనాభా లెక్కలు చివరిసారి పూర్తయింది 2011లో. 2021లో జరగాల్సినవి ఆ ఏడాది జరగలేదు. 2011 తర్వాత ఎవరు ఏ ఊరొదిలి ఏ ఊరొచ్చారో చెప్పడానికి మనకు దిక్కు ఆ కుర్రాడిలాంటివాళ్లే. వాళ్లు తింటున్న ఆరు ప్లేట్లే.

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి కరోనా లాక్‌డౌన్ అని చెప్పి, అర్ధరాత్రికల్లా దేశం మూసేశారు. మే 1న వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. సుమారు 1,200 మంది. కంది దగ్గర ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు అందులో ఉన్నారు. జీతాలివ్వండి, ఇంటికి పంపండి అని అంతకు రెండు రోజుల ముందే వాళ్లు రోడ్డెక్కారు. చదువుల కోటకు ఇటుకలు పేర్చినవాళ్లు. మే 8న మహారాష్ట్రలోని ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది వలస కూలీలు గూడ్సు రైలు కింద పోయారు. వాళ్లు కట్టుకున్న రొట్టెలు పట్టాల మీద చెల్లాచెదురుగా పడి ఉన్న ఫొటో మనమంతా చూశాం, ఫార్వర్డ్ చేశాం, ఏడ్చే బొమ్మలు పెట్టాం.

ఆ సెప్టెంబరులో లోక్‌సభలో అడిగారు, ఇళ్లకు పోతూ ఎంతమంది వలస కార్మికులు చనిపోయారని. అలాంటి లెక్కలు మా దగ్గర లేవంది కార్మిక శాఖ. మరి నష్టపరిహారం? లెక్కే లేదు గనక ఆ ప్రశ్నే రాదంది. సొంతూళ్లకు తిరిగెళ్లినవాళ్లు కోటీ నాలుగు లక్షలకు పైనే అని మాత్రం చెప్పగలిగింది. సిగ్గుండాలి కదండీ! నూటఎనభై రూపాయల పానీపూరీకి బావమరిది పేరు పట్టుకున్న రాజ్యానికి, నడిచి నడిచి రోడ్డు మీద పడిపోయిన మనిషి పేరు ఒక్కటీ అందలేదా? ఆ రొట్టెలు ఎవరు కాల్చారో, ఏ ఊరికి మోసుకుపోతున్నారో, అసలు ఆ ఊరు ఎందుకు వదిలారో కూర్చుని అడిగి రాసిపెట్టేవాడికి ఇచ్చే 8,000 మీ ట్యాక్సులకు బరువైపోయిందా?

పెద్దాయన బీపీ పెంచుకోకుండా ఉంటారని ఒక సంగతి చెప్తాను. ఆ ఫెలోషిప్ నాలుగు నెలలుగా రావడం లేదు. కుర్రాడు బండి దగ్గర ఖాతా పెట్టాడు. భయ్యా ఓ పాత డైరీలో ‘పీహెచ్‌డీవాలా’ అని హిందీలో పేజీ తెరిచి, ఏ రోజుకారోజు ప్లేట్లు రాసుకుంటున్నాడు. అంటే వీధి తిళ్ల మీద ఈ దేశంలో జరుగుతున్న ఆ పరిశోధనకు ప్రస్తుతం నిధులిస్తున్నది మీరు కాదు, భయ్యా. థీసిస్‌లో ‘ఆర్థిక సహాయం’ అన్నచోట అతని పేరే వేస్తానని కుర్రాడు అర్జీ పెట్టుకున్నాడు. దాతగారి పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు జతచేయమన్నారు సూపరింటెండెంటుగారు. బావమరిదివైతే దొరుకుతాయట.