చిన్న చిప్పుతో రోజుల తరబడి టైమర్ నడవదని ఎవరు చెప్పినారు?

మా అనంతపురం సైడు డ్రిప్ రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతాంది. ఆర్డ్యునో (మనమే ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు) లాంటి చిన్న చిప్పులు నిమిషాల పనికే, గంటలూ రోజులూ లెక్కబెట్టి బోరు మోటారుని మళ్లీ మళ్లీ ఆన్ ఆఫ్ చేసేది వాటితో కాదు, వేలు పోసి రెడీమేడ్ టైమర్ ప్యానెలే కొనండి అని దాని సారాంశం. కింద ఐదు కారణాలు కూడా రాసినారు. దీన్ని నమ్మి డిప్లొమా పిల్లోళ్లు కూడా చేస్తున్న ప్రాజెక్టు పక్కన పెడతాండారు, అందుకే ఇంత రాస్తున్నా.

చిప్పులో టైమర్ 4 సెకన్లకే నిండిపోతుంది అనేది మొదటి కారణం. నిజమే, 16 మెగాహెర్ట్జ్ దగ్గర 16 బిట్ల (65536 దాకా లెక్కబెట్టే) టైమర్‌ని ఎంత నిదానంగా తిప్పినా 4.19 సెకన్లే. అయితే ఏమైంది? సెకనుకోసారి ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇది చూడు అని చిప్పుకి వచ్చే సంకేతం) వచ్చేట్టు పెట్టుకొని 32 బిట్ల వేరియబుల్‌లో (ప్రోగ్రామ్‌లో అంకె దాచుకునే చోటు) ఒకటి కలుపుకుంటా పోతే అది నిండేదానికి 136 ఏళ్లు పడుతుంది.

రెండోది చూస్తే నాకు బాధేసింది. ఎవరో 8 గంటలు గ్యాప్ పెడితే అర నిమిషానికే మోటారు ఆన్ అయిందంట, కాబట్టి చిప్పుని నమ్మలేమంట. డిలే (ఇన్ని మిల్లీసెకన్లు ఆగు అని చెప్పే కమాండు) అని రాసి బ్రాకెట్లో 8*60*60*1000 వేసింటారు, అంతే. ఈ 8 బిట్ల బోర్డుల్లో మామూలు అంకె 16 బిట్లే, 32767 దాటితే పట్టదు, 2 కోట్ల 88 లక్షలు దాంట్లో పట్టక చివరికి 29696 మిగులుతుంది, అంటే 29.7 సెకన్లు! అదే 6 గంటలు రాసింటే మైనస్ అంకె వచ్చి, అది డిలేలోకి పోయేసరికి చాలా పెద్ద అంకెగా మారి 49 రోజులు అయ్యేది, చెట్లు ఎండిపోయేవి. 1000 పక్కన యూఎల్ (UL, దీన్ని పెద్ద అంకెగా లెక్కెయ్ అని గుర్తు) అని రెండక్షరాలు తగిలిస్తే రెండూ సరిపోతాయి. చిప్పు తన లెక్క తను కరెక్టుగానే చేసింది.

49 రోజులకి హ్యాంగ్ అవుతుంది అనేది మూడో మాట. మిల్లీస్ కౌంటు (చిప్పు ఆన్ అయినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క) 49.7 రోజులకి సున్నాకి వస్తుంది, హ్యాంగ్ అయితే కాదు. బండి మీటరు 99990 దగ్గర బయల్దేరి 00015 చూపిస్తే 25 కిలోమీటర్లు తిరిగినట్టే కదా, తీసివేత పెడితే చిప్పు కూడా అట్లే లెక్కేస్తుంది. "ఇప్పటి టైము మైనస్ మొదలైన టైము, గ్యాప్ కంటే ఎక్కువా" అని అడగాల, "ఇప్పటి టైము ఫలానా అంకె దాటిందా" అని అడిగితేనే తేడా కొడుతుంది. ఆ రెండు టైములూ అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ లేని 32 బిట్ల అంకె) అయ్యుండాల, అది మర్చిపోవద్దు.

టైము తప్పుతుంది అనే నాలుగోదాంట్లో మాత్రం సగం నిజం ఉంది, అది ఒప్పుకోవాల. ఏటీటైనీ85 అనే చిన్న చిప్పు లోపలి ఆసిలేటరు (టైము లెక్కకి టిక్కులు కొట్టే భాగం) ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 10 శాతం దాకా అటూఇటూ ఉండొచ్చు, 8 గంటలకి 48 నిమిషాల తేడా, పైగా ఎండలో కాలే స్టార్టర్ డబ్బాలో పెడితే ఇంకా మారుతుంది. దానికి మందు ప్యానెల్ కాదు, డీఎస్3231 అనే చిన్న గడియారం మాడ్యూలు. మామూలు వేడిలో దాని తేడా ఏడాదికి ఒక నిమిషం దరిదాపుల్లోనే.

కరెంటు పోతే అంతా మర్చిపోతుంది అనేది ఐదోది, మన దగ్గర అసలు సమస్య కూడా ఇదే, సేద్యం కరెంటు రోజంతా ఉండదు కదా. ఆ మాడ్యూలుకి బటన్ సెల్లు ఉంటుంది కాబట్టి కరెంటు లేకపోయినా టైము నడుస్తానే ఉంటుంది. ఏ వాల్వు దాకా పారింది, చివరిసారి ఎప్పుడు మొదలైంది అనేది ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని చిప్పు మెమరీ) రాసుకోవాల. కానీ ప్రతి సెకనూ రాయొద్దు, దాని గ్యారంటీ లక్ష సార్లు, అంటే 28 గంటల్లో అయిపోతుంది, వాల్వు మారినప్పుడు మాత్రమే రాస్తే రోజుకి నాలుగుసార్లు చొప్పున 68 ఏళ్లు వస్తుంది.

ఇంకోటి, టైమర్ పెడుతున్నామని మోటారు కాలిపోకుండా కాపాడే ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పీకేయొద్దప్పా. చిప్పుకి తగిలించిన రిలే, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్చి) కాయిల్‌ని మాత్రమే ఆడించాల, మోటారు లైన్ల జోలికి పోకూడదు, ఆ వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.