శాలువా సరే, సౌండ్ చెక్ ఏదీ?

మొన్నటి ఉగాది వేదిక మీద హర్డీ-గర్డీ (పిడి తిప్పి వాయించే ఐరోపా తంత్రి వాయిద్యం) కళాకారిణికి శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం, రెండో పాట మధ్యలో మైకు కట్టేశాం. "ఆ రొద ఆపించండి" అన్న మాట ముందు వరసలోంచే వచ్చింది. రొద ఆమెది కాదు. డాన్సులు సాగి సాగి సౌండ్ చెక్ ఎగిరిపోయింది. మన గాయకుడు ఒకటిన్నర శ్రుతి ఎత్తుకున్నాడు. ఆమె వాయిద్యం రెండు శ్రుతికీ ఐదు శ్రుతికీ చేసి ఉంది.

కీబోర్డులా మీట నొక్కి శ్రుతి మార్చేది కాదది. పిడి తిప్పితే రోజిన్ (వయొలిన్ కమానుకు రాసే జిగురు) రాసిన చక్రం తంత్రులన్నిటినీ ఒరుసుకుంటూ తిరుగుతుంది. మీటలు కొన్ని తంత్రుల మీదే పనిచేస్తాయి. ఎడతెగకుండా ఒకే స్వరం పలికే తంత్రులు, అంటే డ్రోన్లు, సా-పా వదలవు. అర మెట్టు దించాలంటే అన్నీ మళ్లీ సర్దాలి. చక్రం తాకేచోట తంత్రికి చుట్టిన దూది పలచనైతే గీరుతుంది, మందమైతే గొంతు పూడుకుంటుంది. పై స్వరాలు గీరుకుపోతుంటే తంత్రి చక్రాన్ని గట్టిగా ఒత్తుతోందన్నమాట. తంత్రుల్ని మోసే బ్రిడ్జి గాడిలో తంత్రి కింద చిన్న కాగితం ముక్క పెట్టి కాస్త ఎత్తుతారు. వేలి జిడ్డు అంటితే చక్రం పట్టు తప్పుతుంది. ఫొటోల కోసం మూత తీయించి ఆ చక్రాన్నే తడిమినవాళ్లున్నారు!

ఆ రోజు మధ్యమధ్య బుర్రుమన్న చప్పుడు కేబుల్ లోపం కూడా కాదు. ఈ వాయిద్యంలో ట్రాంపెట్ అనే ఒక డ్రోన్ తంత్రి కింద ఒక కాలు వదులుగా ఉండే బుల్లి బ్రిడ్జి ఉంటుంది. మణికట్టుతో పిడిని ఝాడిస్తే ఆ కాలు పలక మీద కొట్టుకుని లయ వేస్తుంది. చేయి తిరిగినవాళ్లు ఒక్క చుట్టులో నాలుగు దెబ్బలు వేస్తారు. మన మిక్సర్ దగ్గర సరిగ్గా దాన్నే నొక్కేశారు.

మ్యూజియం సరుకు అన్నవాళ్లకు ఒక మాట. 1994లో జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ తమ పాత రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ పాటల్ని మళ్లీ కట్టినప్పుడు నైజెల్ ఈటన్ వాయించింది దీన్నే. స్విస్ మెటల్ బృందం ఎలువైటీలో ఎలక్ట్రిక్ గిటార్ల పక్కనే ఇది మోగుతుంది. తమాషా చూడండి, 1968లో డోనవన్ పాడిన 'హర్డీ గర్డీ మ్యాన్'లో పేరుకే ఈ వాయిద్యం. అందులో జుమ్మనేది మన తంబూరా. తంబూరా నీడన పెరిగిన చెవులకు డ్రోన్ రొదైందా?

నిజమే, కృతులకు దీన్ని పిలవొద్దు. మీటను గట్టిగా నొక్కితే స్వరం కాస్త ఊగుతుందే తప్ప గమకం నిండుగా పలకదు. కోలాటం పాటకు పిలవండి, ఆ బుర్రుమనే లయకు కర్రలు వాటంతటవే లేస్తాయి. దసరాకైనా ఆమెను మళ్లీ అడుగుదాం, ముందు క్షమాపణ చెప్పి. రెండు వారాల ముందే శ్రుతి తేల్చుకుని, రెండులోనో ఐదులోనో హాయిగా పాడేవాళ్లను వెతుకుదాం. ట్రాంపెట్‌కు విడిగా ఒక ఛానల్, డ్రోన్లకు మరొకటి ఇవ్వాలి. మానిటర్ ఎదురుగా పెడితే డ్రోన్లు కూత పెడతాయి కాబట్టి పక్కకు తిప్పాలి. అరగంట సౌండ్ చెక్ కావాలి. ఆ అరగంట సన్మానాల్లోంచి తీద్దాం, డాన్సు పిల్లల జోలికి వెళ్లకుండా.