మొక్క సరే, మట్టి ఏది?

కుప్పం ఆకుపచ్చ గ్రానైట్‌కు విదేశాల్లోనూ గిరాకీ ఉంది. బండలు లారీలెక్కి పోయాక ఊరికి మిగిలేది నిలువు గుంత, దాని పక్కన పనికిరాని రాళ్ల గుట్ట. తూర్పున తీరాన ఉన్న చిల్లకూరు, కోట మండలాల్లో గాజు తయారీకి వాడే సిలికా ఇసుక తవ్వినచోట వాన నీటిని ఇంకించుకునే ఇసుకే పోతోంది. రెండుచోట్లా వేస్తున్న మందు మాత్రం ఒక్కటే: వన మహోత్సవం పేరిట నాలుగు మొక్కలు, ఒక ఫొటో.

మొక్కలు వద్దని మేం అనడం లేదు. ఎందులో నాటుతున్నారన్నదే ప్రశ్న. పొక్లెయిన్లు, టిప్పర్లు ఏళ్ల తరబడి తిరిగిన క్వారీ గట్టులో గడ్డపార కూడా దిగదు. అక్కడ జానెడు గొయ్యి తీసి కానుగ మొక్క పెడితే వేరు కిందికి పోలేక ఆ గొయ్యిలోనే చుట్టలు చుట్టుకుంటుంది. మొదటి ఎండాకాలానికే పని అయిపోతుంది.

అమెరికాలోనూ ఇదే జరిగింది. 1977లో గనుల పునరుద్ధరణ చట్టం వచ్చాక అపలాచియన్ కొండల్లో బొగ్గు కంపెనీలు, చరియలు జారకూడదని మట్టిని బుల్డోజర్లతో అదిమి గడ్డి చల్లాయి. గడ్డి ఏపుగా వచ్చింది, చెట్లు మాత్రం లేవలేదు. పైనున్న నాలుగడుగుల మట్టినైనా గుల్లగా వదలాలని అటవీ శాస్త్రవేత్తలు ఆ తర్వాత తేల్చిచెప్పారు.

మనకు రూల్స్ లేకపోలేదు. పైమట్టిని విడిగా తీసి ఉంచి, నేలను బాగుచేయడానికే వాడాలని 1999 నాటి గ్రానైట్ నిబంధనలు చెబుతున్నాయి. తవ్విన నేలలో లీజుదారే తిరిగి గడ్డి పెంచాలన్న షరతు పెట్టాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. తనిఖీకి వెళ్లే అధికారి మొక్కల లెక్క అడిగే ముందు పైమట్టి కుప్ప ఎక్కడుందో చూపించమనాలి.

అదను కూడా ముఖ్యమే. తీర మండలాల్లో పెద్ద వానలు పడేది అక్టోబరు, నవంబరుల్లో. కార్యక్రమం ఉందని జులైలో నాటితే ట్యాంకర్ నీళ్లే గతి. (బిల్లులు రాసుకునేవాళ్లకు అదే అనుకూలమేమో!) రాతి నేలలో సీతాఫలం, వేప, కానుగ, ఇసుక నేలలో జీడిమామిడి నిలదొక్కుకుంటాయి, మేకలు పడకుండా కంచె ఉంటే.

మొక్కలు నాటిన రోజు ఫొటో చూసి, లీజుదారు హామీగా కట్టిన డిపాజిట్‌ను వదలకూడదు. మూడో వేసవి దాటాక బతికిన మొక్కలను ఆ ఊరి గ్రామసభ ఎదుట లెక్కపెట్టి, అప్పుడే ఇవ్వాలి. చచ్చినవాటి బదులు అతని ఖర్చుతోనే మళ్లీ నాటించాలి.