లేత ద్రాక్షతోటలో డ్రోన్‌కు కనపడనివి

చిత్తూరు, తిరుపతి రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ద్రాక్ష నాటిన మొదటి ఏడాది నుంచే డ్రోన్ ఎగరేయించండి. ఏ మొక్కకు ఏ తెగులు వస్తుందో మూడు వారాల ముందే చెప్పేస్తుంది. తోటలో తిరిగే పని లేదు. ఏ డ్రోనైనా చాలు, పర్మిషన్ అక్కర్లేదు" అని దాని సారాంశం. మనది మామిడి, టమాటా, చెరకు పండే ప్రాంతం. ద్రాక్ష తక్కువే. కానీ పలమనేరు, కుప్పం దాటి కోలారు, చిక్కబళ్ళాపురం వైపు వెళ్తే ద్రాక్ష పందిళ్ళు కనిపిస్తాయి. అవి చూసి ఇటు కూడా వేద్దామనుకునేవాళ్ళున్నారు. పందిరికీ డ్రిప్‌కూ అప్పు తెచ్చిన రైతు ఈ మెసేజ్ నమ్మి తోటలోకి వెళ్ళడం మానేస్తే ఆ నష్టం ఎవరు తీరుస్తారు? అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"మొక్క మొక్క ఆరోగ్యం చెప్పేస్తుంది."

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. డ్రోన్‌కు కట్టే మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఎరుపు వెలుతురు ఎంత తిరిగొచ్చింది, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ ఎంత తిరిగొచ్చింది అని కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎరుపును చాలావరకు పీల్చేసుకుని ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి పంపేస్తుంది. ఈ రెండింటి తేడా నుంచి ఎన్‌డీవీఐ అనే అంకె తీసి, ఆ అంకెలతో తోట పచ్చదనాన్ని రంగుల్లో చూపే మ్యాపు గీస్తారు. ఆకు కమ్ముకున్న ముదురు తోటలో ఈ లెక్క పనికొస్తుంది. లేత తోట సంగతి వేరు. సాళ్ళ మధ్య పది అడుగులు, మొక్కల మధ్య ఆరడుగులు వదిలి నాటితే ఒక్కో మొక్కకు 60 చదరపు అడుగుల నేల. వెదురు కర్రకు కట్టిన ఒంటి రెమ్మ, పైనుంచి చూస్తే, అందులో ఒక్క చదరపు అడుగు ఆక్రమిస్తే గొప్ప. మిగతాదంతా ఎర్రమట్టి, గరిక, తుంగ, వయ్యారిభామ. మొక్కను నేల నుంచీ కలుపు నుంచీ విడదీసి లెక్క కట్టకపోతే, శుభ్రంగా కలుపు తీసిన తోట రోగిష్టిదానిలా, కలుపు పట్టిన తోట నవనవలాడుతూ కనిపిస్తాయి.

ఇంకో చిక్కుంది. మన దేశంలో ఎక్కువమంది ముందు డాగ్రిడ్జ్ అనే వేరుమూలం (అంటు కట్టడానికి కింద వేరునిచ్చే మొక్క, రూట్‌స్టాక్) నాటి, అది నిలదొక్కుకున్నాక కావలసిన రకాన్ని దానిమీద అంటు కడతారు. ఆ అంటు చచ్చిపోయినా కింది నుంచి డాగ్రిడ్జ్ పిలకలు గుబురుగా లేస్తాయి. మ్యాపులో అది మంచి బలమైన మొక్క. మొక్క పక్కన కూర్చుని, అంటు కట్టి టేపు చుట్టిన చోటుకు పైన చిగురేసిందా, కింద వేసిందా అని చూసిన మనిషికే అసలు సంగతి తెలుస్తుంది. అప్పుడే గమనిస్తే మళ్ళీ అంటు కట్టొచ్చు. ఆలస్యమైతే ఆ సీజన్ పోయినట్టే.

"తెగులు పేరు మూడు వారాల ముందే చెబుతుంది."

బూజు తెగులునే తీసుకుందాం. ఆకు పైన నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చ. అదే ఆకు తిప్పి చూస్తే అడుగున తెల్లటి బూజు. పైనుంచి ఫోటో తీసే కెమెరా ఆకు తిప్పలేదు. పైగా వెచ్చగా, తడిగా ఉన్నప్పుడు ఈ తెగులు సోకిన వారం అటూ ఇటూగా మచ్చ బయటపడుతుంది. మూడు వారాల ముందంటే తెగులు ఇంకా మొక్కలోకే రాలేదు. లేని తెగులును ఏ కెమెరా పట్టుకుంటుంది? మనకు అక్టోబర్, నవంబర్ ముసురే పెద్ద గండం, అప్పటికి అంటు చిగుళ్ళు లేతగా ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే వానకు డ్రోన్ ఎగరదు, మబ్బులు కదులుతుంటే అంకెలూ నిలకడగా ఉండవు.

పసుపు ఆకు విషయం కూడా అంతే. ఇనుము లోపిస్తే లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా మిగులుతాయి. నత్రజని లోపిస్తే ముదురాకులు ముందు పాలిపోతాయి. నీరు నిలిచినా, వేళ్ళకు నులిపురుగులు పట్టినా మొక్క డీలాపడుతుంది. మ్యాపులో వీటన్నిటికీ ఒకటే రంగు. ఆ రంగు చూసి యూరియా వేస్తే డబ్బూ పోతుంది, రోగమూ తగ్గదు.

"తోటలో తిరిగే పని లేదు."

పైన చెప్పిన దూరంలో ఎకరాకు 726 మొక్కలు. ఎకరా, రెండెకరాల రైతుకు వాటన్నిటినీ ఒకసారి చూసి రావడానికి ఒక పూట చాలు.

"ఏ డ్రోనైనా చాలు, పర్మిషన్ అక్కర్లేదు."

పెళ్ళిళ్ళలో ఎగిరే డ్రోన్‌లో మామూలు కెమెరానే ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్ కొలవదు. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ఇచ్చేవి మందులు, ఎరువులు పిచికారీ చేసేవి, వాటి పని వేరు. ఇక అనుమతుల మాట: 2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ఆంక్షలు లేని ప్రాంతంలో, 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అడగక్కర్లేదన్నది నిజమే. కానీ 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని పని చేసే పైలట్‌కు సర్టిఫికెట్ ఉండాలి. మన దగ్గర రేణిగుంట విమానాశ్రయం ఉంది, శ్రీహరికోట ఉంది, తిరుమల మీద డ్రోన్లు నిషేధం. మీ పొలం ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటైన డిజిటల్ స్కై మ్యాపులో చూడకుండా ఎగరేస్తే కేసు మీ మెడకూ చుట్టుకోవచ్చు.

డ్రోన్ దండగ అని నేను అనను. తక్కువ ఎత్తులో ఎగిరితే చనిపోయిన మొక్కల ఖాళీలు లెక్కపెట్టొచ్చు. డ్రిప్ పైపు మూసుకుపోయిన సాలు కొన్నాళ్ళకు వరసగా పాలిపోయి కనపడుతుంది. పదులకొద్దీ ఎకరాల తోటలో ముందు ఎటు నడవాలో చెప్పడానికి అది నిజంగా ఉపయోగమే. ఆ సర్వీసు అమ్మడానికి ఎవరైనా వస్తే, ముదురు తోట మ్యాపు కాదు, మొదటి ఏడాది తోట మ్యాపు చూపించమనండి. అందులో రోగమున్నట్టు చూపిన ఒక పది మొక్కల దగ్గరికి మీతో కలిసి నడిచి రమ్మనండి.