ఆ కిటికీలోంచి మనిషి దూరతాడా?

పోయిన చలికాలం కెనడాలో, టొరంటో పక్కనుండే బ్రాంప్టన్‌లో మా ఫ్రెండ్ గృహప్రవేశానికి వెళ్ళాం. వ్రతం అయింది, భోజనాలయ్యాయి, ఇక మామూలే, మగాళ్ళందరం బేస్‌మెంట్ చూడ్డానికి కిందికి దిగాం. రెండు బెడ్రూములు, ఒక వాష్‌రూమ్, మూలన కిచెన్, పైన పాట్ లైట్లు. "అద్దెకిస్తే మార్ట్‌గేజ్‌లో మూడో వంతు దీనిమీదే వెళ్ళిపోద్ది" అని వాడు లెక్క చెప్తున్నాడు. "లీగలేనా రా" అని ఎవరో అడిగితే "పాత ఓనర్ పర్మిట్ తీసుకునే ఫినిష్ చేయించాడు, లీగలే" అన్నాడు. నేనప్పటికి రెండో బెడ్రూంలో ఉన్నా, సీలింగ్‌కి ఆనుకుని చిన్న స్లైడింగ్ కిటికీ, అందులో సగమే తెరుచుకుంటుంది. ఊరికే కుర్చీ ఎక్కి దూరి చూశా. తల పట్టింది, ఒక భుజం పట్టింది, రెండోది పట్టలేదు. అవతల, నేల మట్టం కింద కిటికీ ముందు తవ్వి వదిలిన గుంట నిండా మంచు.

లీగల్ బేస్‌మెంట్ గురించి మనవాళ్ళ మధ్య నడిచే మాటలన్నీ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి, ఖర్చెంత, అద్దెంత. నాకైతే మొదటి ప్రశ్న ఆ కిటికీ, మంటలొస్తే అందులోంచి మనిషి బయటపడగలడా అని. బెడ్రూం ఉన్న అంతస్తు నుంచి నేరుగా బయటికి తలుపు లేకపోతే, మా రాష్ట్రం ఒంటారియో బిల్డింగ్ కోడ్ ప్రకారం ఆ అంతస్తులో కనీసం ఒక కిటికీకి, తెరిచినప్పుడు వచ్చే ఖాళీ 0.35 చదరపు మీటర్లు ఉండాలి, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. 380 అంటే 15 అంగుళాలు కదా, మాది 15 ఉంది చాలు అనుకుంటారు చాలామంది. చాలదు, ఒక వైపు 15 అంగుళాలే అయితే రెండో వైపు దాదాపు 36 అంగుళాలు కావాలి, అప్పుడే ఆ 0.35 వస్తుంది. దాని బయట గుంట ఉంటే కిటికీ ముందు 550 మిల్లీమీటర్ల జాగా కూడా వదలాలి, ఎందుకంటే దూరినవాడు లేచి నిలబడాలి కదా. బిల్డర్లు పెట్టిచ్చే మామూలు బేస్‌మెంట్ కిటికీ చాలా ఇళ్ళలో ఈ లెక్కకి రాదు, అప్పుడు ఫౌండేషన్ కాంక్రీట్ కోయాల్సిందే.

పర్మిట్‌తో ఫినిష్ చేయించడం వేరు, రెండో యూనిట్‌గా, అంటే అదే ఇంట్లో విడి ఇల్లుగా, పర్మిట్ తెచ్చుకోవడం వేరు. మొదటిది మీ ఇంట్లోవాళ్ళు టీవీ చూసుకోడానికి, రెండోది ఇంకో కుటుంబం బతకడానికి. వెట్ బార్ (స్టవ్ లేకుండా సింక్ మాత్రం ఉండే కౌంటర్) అని చూపించి ఇన్‌స్పెక్షన్ అయిపోయాక స్టవ్ పెట్టేసే తెలివి గురించి ఇక్కడ తెలియనివాళ్ళు లేరు, అలా చేస్తే అది రెండో యూనిట్ అయిపోదు. రెండో యూనిట్‌కైతే పై ఇంటికీ కింది ఇంటికీ మధ్య మంటని కొంతసేపు ఆపే గోడలూ సీలింగూ కావాలి, రెండు చోట్లా ఒకేసారి మోగే స్మోక్ అలారంలు కావాలి, ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఇద్దరికీ ఒకటే అయితే, పొగ తగలగానే దాన్ని ఆపేసే డిటెక్టర్ దాని గాలి గొట్టంలో (డక్ట్) పెట్టాలి. ఇదంతా అతి అనిపిస్తే ఒక్కటి గుర్తు తెచ్చుకోండి, కింద ఎండుమిర్చి పోపు వేస్తే పైన పడుకున్నవాడికి తుమ్ములొస్తాయి చూడండి, అదే దారి పొగకి కూడా.

నిజానికి పర్మిషన్ అనేది ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. 2011 చట్టంతో ఇలాంటి రెండో యూనిట్లని (సెకండరీ సూట్లు) ఒప్పుకోమని రాష్ట్రం మునిసిపాలిటీలకి చెప్పింది, 2022లో బిల్ 23 అనే ఇంకో రాష్ట్ర చట్టం వచ్చాక నీళ్ళు, సీవర్ కనెక్షన్లున్న చాలావరకు ఇళ్ళ స్థలాల్లో 3 యూనిట్ల దాకా జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే సిటీ రూల్) మార్పు అడక్కుండానే పెట్టుకోవచ్చు, యూనిట్‌కి ఒకటి కన్నా ఎక్కువ పార్కింగ్ అడగడానికి సిటీకి వీల్లేదు. అయినా జనం దాచే చేస్తున్నారు. డ్రాయింగులు, కాంక్రీట్ కోత, సైడ్ ఎంట్రన్స్, ఎలక్ట్రికల్ పర్మిట్ అన్నీ కలిపితే పదుల వేల డాలర్లు, అది నిజమే, వడ్డీలు కట్టలేక ఏడుస్తున్నవాడికి అది చిన్న మాట కాదు.

కానీ దాచి మిగుల్చుకునేది ఏంటో నాకు అర్థం కాదు. యూనిట్ ఇల్లీగల్ అయినా అద్దెకున్నవాడికి ఒంటారియో అద్దె చట్టం, 2006 రెసిడెన్షియల్ టెనెన్సీస్ యాక్ట్ ఇచ్చే హక్కులన్నీ ఉంటాయి (మీతో కిచెనో బాత్రూమో షేర్ చేసుకుంటేనే మినహాయింపు). "లీగల్ కాదు కాబట్టి ఖాళీ చెయ్" అంటే కుదరదు, మీరే ఆ పోర్షన్ వాడుకోడానికి ఖాళీ చేయించాలన్నా కనీసం 60 రోజుల నోటీస్ ఇవ్వాల్సిందే, మామూలుగా ఒక నెల అద్దె పరిహారం కూడా. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా అద్దెకిస్తే క్లెయిమ్ రోజున వాళ్ళు చేతులెత్తేయొచ్చు. ఫైర్ కోడ్ ఉల్లంఘనకి మొదటిసారికే 50 వేల డాలర్ల దాకా ఫైన్, జైలు కూడా పడొచ్చు. అంటే ఓనర్ బాధ్యతలన్నీ మీవే, రక్షణ మాత్రం సున్నా.

లీగల్ చేయించినవాళ్ళకి కూడా ఎవరూ చెప్పని మెలిక ఒకటుంది, ఏజెంట్లు అస్సలు చెప్పరు. సొంతిల్లు అమ్మినప్పుడు లాభం మీద టాక్స్ ఉండదని మనందరి ధీమా కదా, కానీ ఇంటి నిర్మాణాన్నే మార్చి విడి యూనిట్ చేసి అద్దెకిస్తే, ఆ భాగానికి ఆ మినహాయింపు దక్కకపోవచ్చు. కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇచ్చేముందే అకౌంటెంట్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది.

సిటీ తీరు మీద కూడా నాకు కంప్లైంట్ ఉంది. బ్రాంప్టన్ 2024 జనవరిలో 5 వార్డుల్లో రెంటల్ లైసెన్సింగ్ పైలట్ (ఇల్లు అద్దెకివ్వాలంటే లైసెన్స్ తీసుకోవాలనే ప్రయోగం) మొదలెట్టింది, ఓనర్లు గోల చేస్తే కొన్నాళ్ళు ఆపి మళ్ళీ నడిపింది. తనిఖీ తప్పని నేననను. కానీ వచ్చి ఒప్పుకున్నవాడికీ పట్టుబడినవాడికీ తేడా లేకపోతే ఎవడొస్తాడు? ముందు కిటికీ, అలారం సరిచేయించు, మిగతావాటికి టైమిస్తాం అని మెట్టు మెట్టుగా వెళ్ళే దారి ఒకటి ఉంటే సగంమంది వస్తారని నా నమ్మకం. ఇప్పుడు మార్కెట్ కూడా మారింది. 2024లో కెనడా విదేశీ స్టూడెంట్ పర్మిట్లకి పరిమితి పెట్టాక ఒక్క గదికి ఆరుగురు క్యూ కట్టే రోజులు పోయాయి, హైదరాబాద్ నుంచి దిగిన పిల్లలు కూడా ఫొటోల్లో కిటికీ సైజ్ అడుగుతున్నారు. మంచిదే.

మా ఫ్రెండ్ ఈమధ్యే డ్రాయింగులు సబ్మిట్ చేశాడు. ఆ రెండో బెడ్రూంలో ప్రస్తుతానికి బొమ్మలకొలువు డబ్బాలు, ఇండియా సూట్‌కేసులు ఉన్నాయి. కిటికీ కోయించాకే అద్దెకిస్తానంటున్నాడు వాడు, వాళ్ళావిడ మాత్రం ఆ రూమ్ స్టోరేజ్‌కే బాగుంది వదిలెయ్ అంటోంది.