శివుడాజ్ఞ లేకపోయినా చీమ కుట్టింది

మా తమ్ముడు టెక్సాస్‌లో షుగర్ ల్యాండ్ అనే ఊళ్ళో ఉంటాడు, హ్యూస్టన్ పక్కనే, పేరుకి తగ్గట్టు ఒకప్పుడు పంచదార ఫ్యాక్టరీ ఊరు. ఆ ఫ్యాక్టరీ 2003లో మూతపడింది, ఇప్పుడు అష్టలక్ష్మి గుడి ఉంది, ఆ గుళ్ళో 90 అడుగుల ఆంజనేయస్వామి ఉన్నాడు, చుట్టూ మనవాళ్ళే. మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కరివేపాకు కోద్దామని చెప్పుల్లేకుండా పెరట్లోకి దిగాను. మెత్తటి మట్టి కదా అని ఒక చిన్న గుట్ట మీద కాలేశా. అంతే! అవి చీమలు కావు, నిప్పు కణికలు. మర్నాటికి పాదం నిండా చీము పొక్కులు. "ఫైర్ యాంట్స్ అన్నయ్యా, దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చాయి, ఇక పోలేదు" అన్నాడు వాడు, అదేదో చుట్టాల సంగతి చెప్తున్నట్టు.

పొక్కులకి ఐస్ పెట్టుకుంటూ కూర్చున్నప్పుడు నాకు ఒక మహానుభావుడు గుర్తొచ్చాడు, ఎందుకంటే సరిగ్గా ఈ ఊరి నుంచే, సరిగ్గా ఈ చీమల వల్లే రాజకీయాల్లోకి వచ్చి అమెరికాని గడగడలాడించినాయన ఒకాయన ఉన్నాడు, పేరు టామ్ డిలే. 1984లో గెలిచి 2006 దాకా ఇక్కడి కాంగ్రెస్ మెంబరు. కాంగ్రెస్ అంటే మన చెయ్యి గుర్తు కాదండీ, అది వాళ్ళ పార్లమెంటు, ఈయన రిపబ్లికన్, ఏనుగు గుర్తు. ఏనుగుని చీమ ముందుకు తోసిన కథ ప్రపంచ చరిత్రలో ఇదొక్కటే అనుకుంటా.

డిలే గారు బయాలజీలో డిగ్రీ చేశారు. బయాలజీ చదివినవాడు జీవరాశిని ప్రేమించాలని రూలేం లేదు కాబట్టి పురుగులు చంపే కంపెనీ నడిపారు. బొద్దింకలు, చెదలు, చీమలు, అన్నిటికీ ఒకటే మందు. అప్పట్లో ఫైర్ యాంట్స్‌కి మైరెక్స్ అనే మందు ఉండేది, అది క్యాన్సర్ తెచ్చేలా ఉంది, మట్టిలో ఏళ్ళ తరబడి పోవట్లేదు అని పర్యావరణ శాఖ, అదే ఈపీఏ, 1970ల చివర్లో ఆపేసింది. సార్‌కి మండింది. ఇంకెవరైనా అయితే వేరే మందు కొనుక్కునేవాళ్ళు, ఈయన ఎలక్షన్‌లో నిలబడ్డాడు. 1978లో టెక్సాస్ అసెంబ్లీకి గెలిచాడు, తర్వాత ఈపీఏని గవర్నమెంటులో గెస్టపో అని తిట్టిన ఘనత కూడా ఈయనదే. హిట్లర్ పోలీసులు ఏం చేశారో, చీమల మందు డబ్బా బ్యాన్ చెయ్యడం ఏంటో, రెండిటికీ లంకె పెట్టాలంటే మామూలు బుర్ర చాలదు.

అసెంబ్లీ రోజుల్లో ఆయన్ని హాట్ టబ్ టామ్ అనేవారు, ఎందుకో నేను చెప్పక్కర్లేదు, రాత్రికి డజను మార్టినీలు లాగించేవాణ్ణని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. వాషింగ్టన్ వెళ్ళాక దేవుడు కనపడ్డాడు, మందు మానేశాడు. ఇక్కడ మాత్రం నేను వెటకారం చెయ్యను, తాగుడు మానడం నిజంగా గొప్పే. కాకపోతే ఒక మత్తు దిగినచోట ఇంకోటి ఎక్కింది.

1995లో పార్టీ విప్ అయ్యాడు, 2003లో మెజారిటీ లీడర్. అందరూ ఆయన్ని ది హ్యామర్ అని పిలిచేవాళ్ళు, అంటే సుత్తి. మన భాషలో సుత్తి అంటే చెవులు తూట్లు పడేలా మాట్లాడేవాడు, అక్కడ సుత్తి అంటే మాట్లాడకుండానే దిగ్గొట్టేవాడు. వ్యాపారుల తరపున ప్రభుత్వం దగ్గర పైరవీ చేసే లాబీయింగ్ కంపెనీలకి ఆయన రూల్ సింపుల్, ఉద్యోగాలు మన పార్టీ వాళ్ళకివ్వండి, చందాలు మన పార్టీకివ్వండి, అప్పుడు తలుపు తీస్తాం. ప్రభుత్వం వ్యాపారంలో వేలు పెట్టకూడదని జీవితాంతం పోరాడిన మనిషి, వ్యాపారం ఎవరికి ఉద్యోగం ఇవ్వాలో మాత్రం కార్యకర్తలా దగ్గరుండి చూసుకున్నాడు. సైపాన్ అని పసిఫిక్‌లో ఒక దీవి, అమెరికాదే కానీ అమెరికా కనీస వేతనం అక్కడ వర్తించేది కాదు, చైనా, ఫిలిప్పీన్స్ నుంచి ఆడపిల్లల్ని తెచ్చి బట్టలు కుట్టించి మేడ్ ఇన్ యూఎస్ఏ లేబుల్ వేసేవాళ్ళు. సార్ వెళ్ళి చూసి మురిసిపోయి, పెట్టుబడిదారీ విధానానికి ఇది మంచి పెట్రీ డిష్, అంటే సూక్ష్మజీవుల్ని పెంచే ప్రయోగశాల గిన్నె, అన్నాడు. బయాలజీ డిగ్రీ వృథా పోలేదన్నమాట.

ఓటింగ్ అంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి. 2003 నవంబరులో మెడికేర్, అంటే ముసలివాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా, దాని మందుల బిల్లు, తెల్లారగట్ల మూడింటికి ఓటింగ్ మొదలైంది, మామూలుగా పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, కానీ ఓట్లు చాలట్లేదు కాబట్టి దాదాపు మూడు గంటలు తెరిచే ఉంచారు. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు తరపువాళ్ళు రాలేదని పంతులుగారు ముహూర్తం జరుపుతారు చూడండి, అలా. ఈలోపు మిషిగన్ మెంబరు ఒకాయనతో డిలే గారు, నువ్వు యెస్ అను, ఎలక్షన్‌లో మీ అబ్బాయికి నేను సపోర్ట్ చేస్తా అన్నారు. ఆయన నో అనే వేశాడు, బిల్లు ఎలాగోలా 220-215తో గట్టెక్కింది, అబ్బాయి మాత్రం పార్టీ ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, ఓడిపోయాడు. సార్‌ని ఎథిక్స్ కమిటీ, అంటే మెంబర్ల నడత చూసే కమిటీ, మందలించింది.

అసలు కళాఖండం మాత్రం అదే ఏడాది టెక్సాస్ మ్యాపు. నియోజకవర్గాల గీతలు పదేళ్ళకోసారి జనాభా లెక్కల తర్వాత గీస్తారు, ఆ పని అప్పటికే అయిపోయింది కూడా. అయినా సార్‌కి నచ్చలేదు, మళ్ళీ గీయమన్నారు. అసెంబ్లీలో డెమోక్రాట్లు కోరం పోగొడదామని యాభై మందికి పైగా బస్సులెక్కి ఓక్లహామాలో ఆర్డ్‌మోర్ అనే ఊరికి చెక్కేసి హోటల్లో దిగారు, ఎందుకంటే టెక్సాస్ పోలీసులు రాష్ట్రం దాటి పట్టుకోలేరు. మనకిది క్యాంపు రాజకీయం, కొత్తేం కాదు, కాకపోతే మనవాళ్ళు గోవా చూసుకుంటారు, వీళ్ళకి ఆర్డ్‌మోర్ దొరికింది, పాపం. ఇక్కడ సార్ ఆఫీసు ఏం చేసిందంటే, పారిపోయినవాళ్ళలో ఒకాయనకి సొంత విమానం ఉంది, అదెక్కడుందో చెప్పండని విమానయాన శాఖకి, అంటే సాక్షాత్తూ కేంద్ర ప్రభుత్వానికి, ఫోన్ కొట్టింది. చీమల మీద మందు చల్లడానికి కేంద్రం అడ్డు రాకూడదు, ఎమ్మెల్యేలని వెతకడానికి మాత్రం కేంద్రం పరుగెత్తుకు రావాలి. 2004లో దీనికీ మందలింపే. ఆ ఏడాది మొత్తం మీద మూడు, దీంతో సొంత పార్టీ వాళ్ళకి ఒళ్ళుమండి ఏం చేశారనుకున్నారు, ఎథిక్స్ కమిటీ చైర్మన్‌ని మార్చేశారు.

మ్యాపు పనిచేసింది. 15 సీట్ల రిపబ్లికన్లు 2004లో 21 అయ్యారు. ఆ గీతలకి బలైనవాళ్ళలో నిక్ ల్యాంప్సన్ అని ఒక డెమోక్రాట్ ఉన్నాడు, పేరు గుర్తుపెట్టుకోండి.

2005 సెప్టెంబరులో ఆస్టిన్‌లో సార్ మీద కేసు పడింది. ఎలక్షన్ క్యాండిడేట్లకి కంపెనీ డబ్బు ఇవ్వకూడదని టెక్సాస్ చట్టం. ఆరోపణ ఏంటంటే, 2002లో కంపెనీలిచ్చిన 1,90,000 డాలర్లు వాషింగ్టన్‌లో పార్టీ ఆఫీసుకి వెళ్ళి, అంతే మొత్తం ఏడుగురు క్యాండిడేట్లకి చెక్కుల రూపంలో తిరిగొచ్చింది, గంగలో మునిగి పాపం కడుక్కొచ్చినట్టు. పోలీసుల దగ్గర ఫోటో దిగాల్సొస్తే సార్ కోటుకి కాంగ్రెస్ బ్యాడ్జీ పెట్టుకుని పళ్ళన్నీ కనపడేలా నవ్వారు, ఆ ఫోటో పెళ్ళిచూపులకి పంపినా నడుస్తుంది. 2006 జూన్‌లో రాజీనామా. అప్పటికే ప్రైమరీ గెలిచి ఉండటంతో కోర్టులు ఆయన పేరు తీసి ఇంకొకరిని పెట్టనివ్వలేదు, పార్టీ అభ్యర్థిని పేరేమో షెల్లీ సెకులా-గిబ్స్, జనం మెషీన్ మీద చక్రం తిప్పుతూ ఒక్కో అక్షరం ఎంచుకుని ఆ పేరు రాయాలి. షుగర్ ల్యాండ్ ఓటర్లు స్పెల్లింగ్ పరీక్ష రాస్తుంటే పక్కనుంచి ఒకాయన నడుచుకుంటూ వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఎవరో చెప్పక్కర్లేదుగా, నిక్ ల్యాంప్సన్. చీమలు పెట్టిన పుట్టలు పాముల పాలవుతాయంటారు, పురుగుమందుల వ్యాపారికి ఈ సామెత ఎవరూ చెప్పినట్టు లేదు.

తర్వాత 2009లో టీవీ డ్యాన్స్ పోటీకి వెళ్ళి 62 ఏళ్ళ వయసులో చా చా చేశారు, మోకాళ్ళ మీద జారారు, గాల్లో గిటార్ వాయించారు, రెండు పాదాల్లో ఎముకలు చిట్లి తప్పుకున్నారు. అబద్ధమెందుకు, ఆయన కెరీర్‌లో నాకు నచ్చిన పని అదొక్కటే. 2010లో జ్యూరీ దోషి అంది, 2011లో మూడేళ్ళ జైలు వేశారు, ఆయన అప్పీలుకెళ్ళి బయటే ఉన్నారు, 2013లో పై కోర్టు కొట్టేసింది, 2014లో రాష్ట్రంలో క్రిమినల్ కేసుల ఆఖరి కోర్టు కూడా 8-1తో ఆయన నిర్దోషే అంది. కాబట్టి సార్ చట్టప్రకారం శుభ్రం. నేనూ అదే అంటున్నా, ఇంత శుభ్రంగా ఉండటానికి ఎంత లాయర్ ఫీజు అవుతుందో ఆలోచిస్తున్నానంతే.

నా పాదానికి వద్దాం. మర్నాడు తమ్ముడు పెస్ట్ కంట్రోల్ కుర్రాణ్ణి పిలిపించాడు. వాడు గ్లవ్స్ వేసుకుని, డబ్బా మీద చిన్న అక్షరాలు మొత్తం చదివి, పుట్ట చుట్టూ గింజల్లాంటి మందు చల్లాడు. డబ్బా చేతిలోకి తీసుకుని చూశా, ఈపీఏ రిజిస్ట్రేషన్ నంబరు ఉంది, పదిలంగా.

మూడు రోజుల తర్వాత మా పెరట్లో పుట్ట లేదు. కంచెకి అవతల, పక్కింటి వాళ్ళ నియోజకవర్గంలో, కొత్తది లేచింది.